ఫోటోలో నెలవంక

ముసలాయన ఆ ఆదివారం కూడా వచ్చాడు.

"దిగాడమ్మా, కొత్తల్లుడు వారం తప్పకుండా," అన్నాడు పక్కన టీ కాచే పాత సమోవర్లు అమ్మే తుర్గున్ అకా. అక్కడ అకా అంటే అన్న.

తాష్కెంట్ పాతసామాన్ల సంతలో మవ్లూద దుప్పటి పరిచి లెన్సులు అమ్ముతుంది. సోవియట్ కాలం నాటివి, చేత్తో తిప్పుకునేవి. మధ్యలో ఓ ఇనుప రింగు బిగిస్తే ఇవాళ్టి కెమెరాలకీ అతుక్కుంటాయి. ఈకాలం కుర్రాళ్ళు వాటికోసం ఎగబడుతున్నారు.

"కొనడానికేనేమో అకా."

"కొనేవాడు సరుకు చూస్తాడు. ఈయన నీ పెట్టె చూస్తాడు."

నిజమే. ముసలాయన చూపు దుప్పటి మీద నిలవదు. మూత తెరిచిన పెట్టె మీదికే పోతుంది. మంచి లెన్సులన్నీ అందులోనే ఉంటాయి.

ఆ మూత లోపలివైపు మవ్లూద వాళ్ళమ్మ ఫోటో అంటించుకుంది. పెళ్ళికాని రోజుల్లో తీసింది. పత్తిచేలో నిలబడి, ఒడినిండా పత్తితో విరగబడి నవ్వుతోంది. అమ్మ ఇంట్లో అలా నవ్వగా మవ్లూద ఎన్నడూ చూడలేదు.

ఫోటోలో అమ్మ భుజం పక్కన చిన్న నెలవంకలా వెలుగు పడింది. పట్టపగలు నెలవంకేమిటి? లెన్సు అద్దం అంచున పెచ్చు ఊడితే, ఎండకి ఎదురు తీసినప్పుడు అలా పడుతుంది. మవ్లూద అసలీ వ్యాపారంలోకి దిగిందే ఆ లెన్సు కోసం. అది దొరికితే ఫోటో తీసిన మనిషీ దొరుకుతాడని ఆశ. ఎవరు తీశారని అడిగినప్పుడల్లా అమ్మ టీ పోస్తూ మాట మార్చేసేది.

ముసలాయన దగ్గరికొచ్చాడు.

"మీ అమ్మగారి ఊరు జిజ్జాఖేనా తల్లీ?"

"మీకెందుకు తాతా?"

"ఊరికే."

"అమ్మ లేదు. పోయింది."

ముసలాయన రెండు అరచేతులూ ఎత్తి ముఖం మీదుగా దించుకున్నాడు. ప్రార్థనతో పెదవులు కదిలాయి.

తుర్గున్ అకా ఆమె చెవిలో గొణిగాడు.

"వరస కలుపుతున్నాడు. ముందు అమ్మ, ఆనక మేనమామ, చివరికి నీ లెన్సు. ఇలాంటివాళ్ళు చెడిపోయింది జేబులో తెచ్చి, మంచిదాన్ని మార్చుకుపోతారు. ఆ కోటు జేబు చూడు."

జేబు ఎత్తుగా ఉంది.

అంతలో రింగు కావాలంటూ ఎవరో వచ్చారు. మవ్లూద వాళ్ళకి రింగు వెతికి ఇచ్చి ఇటు తిరిగింది. పెట్టెలో ఒక గూడు ఖాళీగా ఉంది. అన్నిటికన్నా మంచి లెన్సు ఉండాల్సిన గూడు.

ముసలాయన చెయ్యి జేబులో ఉంది.

"ఏముంది తాతా జేబులో?"

"అదే చెబుదామనే..."

"చెప్పనక్కర్లేదు. తియ్యండి."

తుర్గున్ అకా ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. నలుగురూ మూగారు. జేబులోంచి తెల్లటి రుమాలు వచ్చింది. రుమాలులో నల్లటి లెన్సు. అదే రకం, అదే సైజు.

"ఇది నాది," అంటూ మవ్లూద లాక్కుంది.

ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు.

"నీదే తల్లీ," అన్నాడు.

"విన్నారుగా, ఆయన నోటితోనే ఒప్పుకున్నాడు," అన్నాడు తుర్గున్ అకా.

"ఇంత గడ్డం పెంచుకుని ఇదేం పని?" అన్నారు ఎవరో.

"అడిగితే మాట్లాడడేం? తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు."

తెల్లగడ్డం కనబడితే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడే ఊరది. ఆ పూట ఆయనకి దారి ఇచ్చినవాడు కూడా లేడు. ముసలాయన టోపీ సర్దుకుని, గుండెమీద చెయ్యి పెట్టుకుని మవ్లూదకి తల వంచి, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఇంకోసారి ఈ చాయలకొస్తే పోలీసులే," అని తుర్గున్ అకా వెనకనుంచి అరిచాడు.

పొద్దు వాలింది. మవ్లూద సామాను సర్దుతూ సంచీలోంచి కెమెరా బయటికి తీసింది.

పోయిందనుకున్న లెన్సు దానికే ఉంది.

పొద్దున ఎవరో బేరగాడు పరీక్ష చేస్తానంటే తనే తగిలించింది. ఊడదీయడం మరిచి, అలాగే సంచీలో పడేసింది. ఈ పాత లెన్సులతో ఉన్న చిక్కే అది. తన మూతికి ఏది తగిలించారో కొత్త కెమెరాకి తెలియదు, చెప్పదు.

మరి రుమాలులోది?

ఒకే రకం లెన్సుల్ని విడదీసేది అంచున చెక్కిన నంబరొక్కటే. ఏ లెన్సు చేతికొచ్చినా ముందు నంబరు చూడటం ఆ సంతలో ప్రతివాడికీ అలవాటు. కోపంలో మవ్లూద ఆ ఒక్క పనే చెయ్యలేదు.

ఇప్పుడు చూసింది. నంబరు తనది కాదు.

ముసలాయన లెన్సుని కెమెరాకి బిగించింది. ఎదురుగా తుర్గున్ అకా సమోవర్లు గోనెలో కుక్కుతున్నాడు. ఆయన వెనక ఎండ వాలుతోంది. లెన్సుని మెల్లగా తిప్పింది. ఆయన గడ్డం స్పష్టమయ్యాక నొక్కింది.

తెరమీద తుర్గున్ అకా భుజం పక్కన చిన్న నెలవంక పడింది.

పెట్టె మూత తెరిచి చూసింది. అదే చోటు, అదే వంపు.

"ఏమైందమ్మాయ్? దయ్యాన్ని చూసినట్టున్నావే," అన్నాడు తుర్గున్ అకా.

మవ్లూద సంత గేటు దాకా పరిగెత్తింది. ట్రాములు కిక్కిరిసి పోతున్నాయి. ప్రతి కిటికీలోనూ తెల్లగడ్డాన్ని వెతికింది. అక్కడే నిలబడి ఏడ్చింది.

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు కాచుకున్నా ముసలాయన మళ్ళీ రాలేదు.

ఆనాడు పత్తిచేలో అమ్మ అంత ఇష్టంగా నవ్వింది, దొంగవాడని కూతురు తరిమేసిన ఆ మనిషిని చూసే.