టీ మరక పడ్డ చీటీ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. భూపాలపల్లిలో, బొగ్గు గనులకు సైరన్లు బిగించే వీరేందర్ ఆఫీసు గోడ మీద పెద్ద బ్యానర్ ఉంది: మా కొలువులు మాకే.

బస్సులు బంద్. అయినా మరిపెడ దగ్గరి తండా నుంచి ఒకాయన రెండు లారీలు మారి వచ్చాడు. కాళ్ల నిండా దుమ్ము.

"గనిల సైరన్ పెట్టింది మీరేనా సార్?"

"మేమే. ఏంది?"

గనిలో గ్యాస్ పెరిగితే మీటరు చాటింపు వేస్తుంది. ఆ చాటింపు కావాలని పేరు రాయించుకున్న సైరన్ అది విని మోగుతుంది. ఈ కబురు మోసే ప్రోగ్రాంను ఎవరో రాసి, నెట్‌లో లోకానికంతా ఊరికే ఇచ్చారు. వీరేందర్ దాన్ని దించుకుని సైరన్ డబ్బాలో పెట్టాడు. డబ్బా మీద తన పేరు కొట్టించుకున్నాడు.

"ఆ ప్రోగ్రాం గురించి నెట్ల మీరు అడిగిన ప్రశ్న చూసిన. మీరు వాడేది పాతది సార్. కరెంటు పోయి వస్తే సైరన్ పేరు చెరిగిపోతది. మల్ల రాయించాలె. ఒక్క లైను చాలు."

వీరేందర్ నవ్వాడు.

"అది రాసినోడు ఏ దేశపోడో. తండా నుంచొచ్చి నువ్వు దిద్దుతవా? నౌకరి కావాల్నంటే సీదా అడుగు."

ఆయన చీటీ మీద ఒక లైను రాసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

"జర చూద్దామన్నా," అంది ఆఫీసులో పనిచేసే సుజాత. "కరెంటు ఊకె పోతున్నది. మా బాపు కిందనే ఉంటడు."

సమ్మె అయినా గని మునిగిపోకుండా పంపులు నడపాలి. అందుకు దిగేవాళ్లలో ఆమె తండ్రి రాజమౌళి ఒకడు.

"సమ్మె అయినంక చూద్దాం. మనకు తెలివి లేదన్నోళ్లతోని కొట్లాడుతున్నం. గిసుంటోళ్లు వచ్చి ఇజ్జత్ తీస్తరు."

వీరేందర్ ఆ చీటీ మీదే టీ గ్లాసు పెట్టాడు.

బుధవారం కరెంటు పోయింది. గాలి ఫ్యాన్లు ఆగి గనిలో గ్యాస్ చేరింది. కరెంటు వచ్చాక మీటరు చాటింపు వేసింది. పేరు చెరిగిన సైరన్‌కు అది వినపడలేదు. రాజమౌళిని పైకి తెచ్చేసరికి ఊపిరి లేదు.

దినాలు అయ్యాక సుజాత ఆఫీసుకు వచ్చింది. గుండ్రటి టీ మరక పడ్డ చీటీ వెతికి తీసి, ఆ లైను ఎక్కించి, కరెంటు తీసి మళ్లీ వేసి, మీటరుతో చాటింపు వేయించింది.

సైరన్ మోగింది.

ఆమె వీరేందర్ వైపు తిరిగింది. "ఒక్క లైను అన్నా," అంది.

వీరేందర్‌కు అప్పటికీ నమ్మకం కుదరలేదు. ప్రోగ్రాం రాసినవాడి పేరు నెట్‌లో లేదు, రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక మెయిల్ చిరునామా మాత్రమే ఉన్నాయి. ఆ చిరునామాకు మెయిల్ పెట్టాడు. ఎవరో తండా మనిషి ఈ లైను ఇచ్చాడు, ఇది సరైనదేనా అని.

సాయంత్రానికి జవాబు తెలుగులో వచ్చింది.

"సరైనదే సార్. మీ బల్ల మీద చీటీ పెట్టిపోయిన బీక్యాను నేనే. కింద పనిచేసేటోళ్లు అందరు మంచిగున్నరా?"