మొండి ఘటాలు

“అయ్యో, అద్దం మీద చెయ్యి వేయకండి బాబాయిగారూ! ఇప్పుడే తుడిచాను.”

ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన గబుక్కున చెయ్యి తీసేశాడు. మండుటెండల్లో తల మీద ఉన్ని టోపీ! ల్యాబ్ అమ్మాయికి నవ్వొచ్చింది.

“లోపల కణాలు పెంచుతారటగా అమ్మా. ఒక్కసారి చూసిపోతాను. డాక్టరుగారు పంపారు.”

ఆమెకు అసలే ఊపిరాడనంత పని. అయినా డాక్టరుగారి మాట కాదనగలదా? సీసా తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది.

“కాస్త కూర్చోనా తల్లీ?”

“రెండు నిమిషాలేగా, అలాగే చూసేయండి.”

కళ్ళ మీదికి జారుతున్న టోపీ తీసి పక్కన పెట్టి, బల్ల పట్టుకుని వంగాడాయన. చాలాసేపు చూశాడు.

“ఇంత చిన్నవా!”

“క్యాన్సర్ కణాలండీ, చిన్నవే కానీ మహా గడుసువి. మామూలు కణం పెరగాలంటే పెరగమని బయటినుంచి కబురు రావాలి. వీటికి కబురూ లేదు, కాకరకాయా లేదు. వచ్చిందనుకుని పెరుగుతూనే ఉంటాయి. ముసలితనం లేదు, చావు లేదు.”

“మందు పోస్తే?”

తన పని గురించి అడిగేవాళ్ళు దొరికితే ఎవరికైనా నోరు ఆగుతుందా?

“పోయని మందు లేదండీ! దేనికీ లొంగవు, మొండి ఘటాలు. ఇప్పుడున్న ఏ మందూ వీటిని ఆపలేదు. కావాలంటే రాసిస్తాను.”

ఆయన మళ్ళీ వంగి ఇంకోసారి చూశాడు.

“మరి ఇవి ఎవరికీ పనికిరావా?”

“ఎందుకు రావూ! రేపు మందంటూ పుడితే వీటివల్లే. ఓ పదేళ్ళు పట్టొచ్చు.”

“పదేళ్ళా...” నవ్వాడు. “పోనీలే, ఎవరో ఒకరు బతుకుతారు. వేళకింత తిండి పెట్టి చూసుకో.”

వెళ్ళిపోయాడు. టోపీ బల్ల మీదే మరిచిపోయాడు.

కొన్నాళ్ళకు డాక్టరుగారు ల్యాబ్‌కి వచ్చారు. గోడకు తగిలించిన టోపీని చూసి అక్కడే ఆగిపోయారు.

“ఆ పెద్దాయనదండీ. మళ్ళీ వస్తే ఇద్దామని ఉంచాను.”

“ఇంక రాడమ్మా. నిన్న పోయాడు.”



“అయ్యో! కూర్చుంటానంటే స్టూలైనా ఇవ్వలేదండీ నేను. ఇంతకీ ఎవరాయన?”

డాక్టరుగారు టోపీని చేతిలోకి తీసుకున్నారు.

“నాకు నయమవుతుందా అని రోజూ అడిగేవాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. నీ దగ్గరికి వచ్చి వెళ్ళాక మళ్ళీ అడగలేదు.”

ఆమె మైక్రోస్కోపు వైపు తిరిగింది.

“నువ్వు వేళకింత తిండి పెట్టి పెంచుతున్నావే, అవి ఆయన ఒంట్లోంచి తీసినవేనమ్మా.”