మేరమ్మ పక్కన చోటు

రంపం చర్చి ముందరి చింతమాను మీద పెట్టేశారు. ఇక లాగడమే తరువాయి అనగా ఆరోగ్యమేరి, వీధివాళ్ళ మేరమ్మ, వచ్చి మానుకి వీపు ఆనించి నిలబడింది. ఎనభై దాటిన మనిషి. ఆవిడ నెత్తిమీద కొమ్మకొమ్మకీ గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతూ, ఆదివారం పొద్దున్నే కీచుకీచుమంటున్నాయి.

"తప్పుకో మామ్మా," అన్నాడు బెన్‌హర్, పట్టుకున్న రంపం పిడి వదలకుండా. "నెలకొకరు పోతన్నారు మన వీధిలో. మూడు శవాలు మోసేను. ఇప్పుడు మా ఇంటిది మంచం మీదుంది. అదే జ్వరం, అదే పలవరింత. ఇదంతా ఈ గబ్బిలాయిలు సేత్తన్న పనే."

"అరవై ఏళ్ళనుంచీ ఈటి కిందే తుడుత్తన్నాను. ఇవి కొరికి రాల్చిన బాదంకాయలే తింతన్నాను. నాకేటయింది? ఒక్కనాడు ఒళ్ళు ఎచ్చబడిందేటి?"

మేరమ్మకి జ్వరం రావడం ఆ అనకాపల్లి వీధిలో ఎవరూ చూడలేదు.

విశాఖ ల్యాబ్ నుంచి వచ్చిన షెకీనా వాళ్ళ మధ్యకి వెళ్ళింది. పది రోజుల కిందట ఆ చెట్టు మీది నలభై గబ్బిలాల నుంచి రక్తం తీసింది తనే. పోల్చి చూడ్డానికి వీధిలో జ్వరం లేని ఇరవైమంది దగ్గరా తీసింది.

"ఒక్క గంట ఆగండి, బెన్‌హర్ గారూ. రిపోర్టు ఇవాళే ఫోన్‌లో చెప్తామన్నారు."

"రిపోర్టెందుకు మేడం? ఆటి ఒంట్లో వైరసుందని మీరే అన్నారు కదా."

"ఉండొచ్చన్నాను. ఉన్నా వాటికి జబ్బు చెయ్యదు."

"ఇసం మింగి కూకుని సావకుండా ఎలాగుంటాయి?"

"లక్షల ఏళ్ళుగా రెండూ కలిసి పెరిగాయి. దాంతో పోట్లాడకుండా సర్దుకుపోవడం వాటి ఒంటికి అలవాటైపోయింది. ఆ గుణం తల్లి నుంచి పిల్లకి పుట్టుకతోనే వస్తుంది. లోపల వైరస్ ఉంటుంది, పైకి నిక్షేపంలా తిరుగుతాయి."

బెన్‌హర్ పైకి చూశాడు. "అయితే సావు ఆటికి కాదు. ఆటి పక్కనున్నోళ్ళకి."

చర్చి గంట మోగింది. నెలలో మొదటి ఆదివారం, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఉన్న రోజు. బెన్‌హర్ రంపం మానుకి చేరవేసి, ఆరాధన అయ్యాక కోసి తీరతానని చెప్పి లోపలికి నడిచాడు. మేరమ్మ చెట్టు మొదలు ఒకసారి నిమిరి షెకీనా చెయ్యి పట్టుకుంది.

ఆ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. అందరూ వరసగా మోకరిస్తే పాస్టరు కృపానిధి అయ్యగారు ఒకే గిన్నెతో ద్రాక్షరసం పట్టుకుని వస్తారు. ఒక్కొక్కరు తాగాక అంచు గుడ్డతో తుడుస్తారు. మొట్టమొదట తాగేది మేరమ్మ. ఆవిడ తరవాత మాత్రం తుడవరు, తుడవనివ్వరు. జ్వరమే ఎరగని మనిషి ఎంగిలి తగిలితే ఆ ఆరోగ్యం తమకీ వస్తుందని వాళ్ళ గట్టి నమ్మకం. అందుకే మేరమ్మ పక్క చోటు కోసం, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు సీటుకి వేసినట్టు, తెల్లారకుండానే తుండుగుడ్డ వేసి పోతారు.

ఆవేళ ఆ చోట ఉన్న తుండుగుడ్డని మేరమ్మే పక్కకి తోసేసింది. "నువ్వు కూకో అమ్మా. గబ్బిలాయిల్ని సేత్తో ముట్టుకునే పిల్లవి, ఇది నీకే కావాల."

నవ్వు ఆపుకుని షెకీనా కూర్చుంది. వెనకనుంచి బెన్‌హర్ వచ్చి వంగాడు. తుండుగుడ్డ అతనిదే. పక్కన పదిహేనేళ్ళ కూతురు రోజలిన్, తెల్ల ఓణీ తలమీద కప్పుకుని ఉంది.

"మేడం, పాపకి మొన్ననే బాప్తిస్మం అయింది. ఇదే మొదటి బల్ల. రాత్రీ పగలూ ఆళ్ళమ్మ మంచం దగ్గరే ఉంటంది. ఈ చోటు దానికిప్పించండి మేడం. మీకు పుణ్యముంటది."

ఇందాక రంపం పట్టుకుని అరిచిన మనిషి ఇప్పుడు చేతులు జోడించాడు. షెకీనాకి జాలేసింది. లేచి చోటిచ్చింది. ఇంతలో ఆమె చేతిలో ఫోన్ వణికింది. లోపల సిగ్నల్ సరిగా లేదు. చింతచెట్టు కిందికి పరిగెత్తింది.

"గబ్బిలాలు నలభై క్లీన్," అన్నారు ల్యాబ్ డాక్టరు గారు. "మనుషుల్లో పందొమ్మిది క్లీన్. పదకొండో ట్యూబు మాత్రం నువ్వు తారుమారు చేశావు."

"లేదు సార్. లేబుళ్ళు నా చేత్తోనే అంటించాను."

"అయితే ఇదేమిటి? వైరస్ కిక్కిరిసి ఉంది, జబ్బు చిహ్నం ఒక్కటీ లేదు. గబ్బిలం ఒంట్లో ఉండాల్సిన తీరు ఇది. నిజంగా మనిషే అయితే ఆ మనిషి ఉమ్మి ఎవరికీ తగలనివ్వకు. ఎవరది?"

షెకీనా బ్యాగులోంచి నోటుపుస్తకం తీసింది. వేలు పదకొండు దగ్గర ఆగింది. ఆరోగ్యమేరి.

నెలకొకరు, అన్నాడు బెన్‌హర్. నెలకి ఒక్కసారే ఈ బల్ల. నోటుపుస్తకం అక్కడే పడేసి పరిగెత్తింది.

ఆమె చర్చి మెట్లు చేరేసరికి రోజలిన్ ఎదురొచ్చింది. పెదాల మీద ద్రాక్షరసం ఇంకా ఎర్రగా ఉంది.

"థాంక్స్ అక్కా," అంది ఆ పిల్ల షెకీనా చెయ్యి పట్టుకుని. "పోయిన నెల అమ్మ కూడా ఆ చోటులోనే కూకుంది. అందుకే ఇంకా బతికుందని నాన్నంటన్నాడు."