పది గ్రాముల లెక్క

త్రాసు మీద బాదంపప్పు ఒకటి ఎక్కువైంది. తల్లి దాన్ని తీసి మళ్లీ డబ్బాలో వేసింది.

"ఒక్క పప్పుకే కొంపలు మునుగుతాయా?" అంది నానమ్మ.

"మునుగుతాయి అత్తయ్యా. మొత్తం పిండిపదార్థాల్లోంచి పీచు తీసేస్తే మిగిలేదే నెట్ కార్బ్స్. అవి రోజుకు పది గ్రాములు దాటకూడదు."

ఆ ఇంట్లో తిండిని తూచడం మొదలై నాలుగు నెలలైంది. ఆరేళ్ల పాపకు మూర్ఛ. ఏ మందుకూ లొంగలేదు. తీపి, పిండిపదార్థాలు బాగా తగ్గించి చూద్దామంది డాక్టరమ్మ. నిజంగానే ఫిట్స్ ఆగిపోయాయి. నలభై రోజులు అందరూ కంటినిండా నిద్రపోయారు.

తర్వాత మళ్లీ మొదలయ్యాయి.

తిండి తూచకముందూ అంతే, ఇప్పుడూ అంతే, ఫిట్స్ వచ్చి తేరుకున్న ప్రతిసారీ పాపది ఒకటే మాట. "అక్క వచ్చింది."

అక్క చనిపోయి రెండేళ్లు. ఆ మాట వింటే తండ్రికి ఒళ్లు జలదరించేది. తల్లి పాపను ఒళ్లోకి లాక్కునేది. "ఏమంది? చెప్పవే, ఏమంది?"

"ఏమీ అనలేదు. అలిగి కూర్చుంది."

తండ్రి వాచీలు బాగుచేస్తాడు. వెంట్రుకవాసి తేడా పట్టే కళ్లు ఆయనవి. తల్లి రోజూ రాసి గోడమీద అంటించిన తూకాల లెక్కలన్నీ మొదటినుంచి చూశాడు. అరగ్రాము తేడా కూడా లేదు. ఒంట్లోకి తీపి వెళ్లకపోతే ఊదారంగుకు తిరగాల్సిన మూత్రపరీక్ష పట్టీ మాత్రం పాలిపోయి ఉంటోంది.

"ఇంట్లో ఎవరో దొంగచాటుగా తీపి పెడుతున్నారు. ఇలాగే సాగితే పిల్ల దక్కదు," అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది.

ఇంకెవరు? మనవరాలు చెయ్యి చాస్తే కాదనలేని మనిషి ఒక్కరే ఉన్నారు.

"దాని నోట్లో నేనే విషం పోస్తానట్రా?" నానమ్మ లబోదిబోమంది.

తల్లి తలెత్తలేదు. కీరా ముక్కలు తూస్తూనే ఉంది. తండ్రి ఆవిడ బట్టలు సర్దాడు. ఆ మధ్యాహ్నమే తన చెల్లెలి ఇంట్లో దిగబెట్టాడు. బస్సులో దారిపొడవునా ఆవిడ ఏడుస్తూనే ఉంది. కన్నతల్లినే వెళ్లగొడుతున్నానని ఆయనకు తెలుసు. అయినా పాప బతికితే చాలనుకున్నాడు.

సరిగ్గా అదే సమయానికి ఇక్కడ వంటింట్లో, తల్లి పాలలో మూడు చెంచాల పంచదార కలిపి పాపకు పట్టిస్తూ, "ఈసారి అక్క వస్తే, అమ్మ మీద అలక తీరిందేమో అడుగు బంగారం," అంది.