నెలసరికి కేకు

కోడలికి నెలసరి వచ్చిన రోజు సాయంత్రం కొడుకు కేకు పట్టుకొచ్చాడు.

అత్తగారు వంటగది గుమ్మంలోంచి చూసి, తన కళ్ళను తానే నమ్మలేకపోయింది. రెండు నెలలుగా కోడలికి రాకపోయేసరికి ఆవిడ పైకి అనకపోయినా లోపల ఉయ్యాల కట్టేసుకుంది. ఇవాళ పొద్దున స్నానాల గదిలో విప్పిన ప్యాకెట్టు కనబడగానే ఆ ఉయ్యాల తాడు తెగిపోయింది. పాపం, పిల్ల ఏడుస్తుందేమో, నాలుగు మాటలు చెప్పి ఓదార్చాలి అనుకుంది. తీరా చూస్తే, లిఫ్టులు బాగుచేసే కొడుకు చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా, కేకు ముక్క చెంచాతో తీసి పెళ్ళాం నోట్లో పెడుతున్నాడు. కోడలు పకపకా నవ్వుతోంది.

"ఏమిట్రా విశేషం? ఎవరి పుట్టినరోజు?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఏం లేదమ్మా, ఊరికే తెచ్చాను," అన్నాడు కొడుకు.

ఊరికే అన్నాడంటే ఏదో ఉన్నట్టే. కన్నతల్లికి ఆ మాత్రం తెలియదా? ఆరిన బట్టలు తీసే వంకతో బాల్కనీలోకి వెళ్ళి కూతురికి ఫోను చేసింది.

"నెల తప్పలేదని సంబరం చేసుకునే మొగుడూ పెళ్ళాలను ఎక్కడైనా చూశావుటే?"

"ఇంకా అర్థం కాలేదా అమ్మా? వాళ్ళకు పిల్లలు అక్కర్లేదు. గండం గడిచిందని కేకు తింటున్నారు. వదిన సొరుగు చూడు, పిల్లలు కలగకుండా మింగే మాత్రలు దొరక్కపోతే నన్నడుగు."

"ఛ! ఒకరి సొరుగు తెరవడమేమిటే?"

"అయితే బామ్మ అనిపించుకునే ఆశ వదులుకో."

ఆ మాట పని చేసింది. మడతపెట్టిన బట్టలు సర్దడానికన్నట్టు గదిలోకి వెళ్ళింది. సొరుగులో దువ్వెనల కింద మాత్రల అట్ట దొరికింది. సగం ఖాళీ. వెనక వారాల పేర్లు, బాణం గుర్తులు. ఆవిడకు కొత్తవేమీ కావు, ఇద్దరు పిల్లలు పుట్టాక తానూ కొన్నాళ్ళు మింగినవే.

ఫోను స్పీకరులో పెట్టి, అట్టతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"పిల్లలు వద్దనుకుంటే ఆ ముక్క నా మొహానే చెప్పండి. చాటుమాటు నాటకాలెందుకు? రేపే నా బట్టలు సర్దుకుని కూతురింటికి పోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను."

కోడలి ముఖం పాలిపోయింది. "నా సొరుగు తెరిచారా అత్తయ్యా?"

"తెరిచాను. తప్పే. మరి నువ్వు చేసింది?"

"అలా అడుగమ్మా!" అంది ఫోనులోంచి కూతురు.

"అవి పిల్లలు వద్దని కాదు, నెలసరి సరిగా రావడానికి డాక్టరమ్మ ఇచ్చినవి అత్తయ్యా. కొన్నాళ్ళు వాడించి ఆపేసింది. నాకు పీసీఓఎస్ ఉంది. అండం సమయానికి విడుదల కాదు. నెలల తరబడి బయట చేరనే చేరను."

కూతురు నవ్వింది. "పీసీఓఎస్సా! మా ఆఫీసులో ఇద్దరికుంది. ఇద్దరూ గుమ్మంలో పట్టరు. నువ్వేమో నాలాగే ఫ్యాను వేస్తే ఎగిరిపోతావు. అబద్ధమైనా అతికినట్టు చెప్పాలి వదినా."

"మేమూ నీలాగే అనుకున్నామే," అన్నాడు కొడుకు. "సన్నగా ఉన్నవాళ్ళకూ వస్తుందట. మనిషిని చూస్తే తెలియదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఏళ్ళు గడిచిపోతాయి. మీ వదినకు స్కూల్లో చదివే రోజుల నుంచీ ఇంతే. కాస్త ఒళ్ళు చేస్తే అదే సర్దుకుంటుందని ఇంట్లోవాళ్ళు వదిలేశారు."

"అదేమిట్రా, నెల తప్పితే శుభం కాదా?" అత్తగారి గొంతులో బింకం తగ్గింది. "రెండు నెలలుగా నేను..."

"తెలుసు అత్తయ్యా. మీరు నా వంక చూసే చూపులోనే తెలిసేది. నాకు రాకపోవడం కడుపు కాదు, జబ్బు. పరీక్ష చేసుకున్న ప్రతిసారీ లేదనే వచ్చింది. మీ ముందు మామూలుగా తిరిగేదాన్ని." కోడలు పమిట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇవాళ మందు లేకుండా దానంతటదే వచ్చింది. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. ఒళ్ళు దారిలో పడుతోందేమో, ఇక ఆశ పెట్టుకోవచ్చు అంది డాక్టరమ్మ. అందుకే ఈయన కేకు తెచ్చారు."

"ఇంట్లో ఉన్నదాన్ని, నాకొక్క మాట చెప్పకూడదా?"

"గొడ్రాలిని అంటగట్టారని అంటారేమోనని భయమేసింది."

అత్తగారు కుర్చీలో కూలబడింది. కాసేపు మాత్రల అట్టను అటూ ఇటూ తిప్పింది.

"అనేదాన్నేలే," అంది చివరికి. "నా నోరు నాకు తెలియదా? రా, ఇలా కూర్చో. సొరుగు జోలికి ఇంకెప్పుడూ రాను."

తర్వాత కోపమంతా ఫోను మీదికి మళ్ళింది.

"విన్నావుటే? సొరుగు తెరిపించావు, కోడలి ముందు నా పరువు తీయించావు. ఇప్పుడు చెప్పు నీ తెలివితేటలు!"

ఫోను పలకలేదు. కట్టయిందేమోనని చూసింది. లైనులోనే ఉంది.

"ఏమే, ఇందాకటి నోరేమైంది?"

"అమ్మా," కూతురి గొంతు బాగా తగ్గిపోయింది, "స్పీకరు తీసేసి ఫోను వదినకివ్వు. నాకూ ఆ డాక్టరమ్మే కావాలి."