మైగ్రేషన్ ఆగిన చోట

"సర్, మళ్ళీ ఆగిపోయింది."

"ఎక్స్‌టెన్షన్ దగ్గరేనా?"

"అక్కడే."

పేరు తప్పుగా కొట్టినా సరైన మనిషిని వెతికిపెట్టేలా డేటాబేసుకు అదనంగా తగిలించే ఎక్స్‌టెన్షన్ అది. వెబ్‌సైటు కోసం కొత్త డేటాబేసు తెరిచినప్పుడల్లా, దాన్ని సిద్ధం చేయడానికి ఆమె రాసిన మైగ్రేషన్ ప్రోగ్రాము ఆ ఎక్స్‌టెన్షన్‌ను ఎక్కించబోతుంది. ఆ హక్కు డేటాబేసులు చూసే పెద్దాయనకే ఉంది గనక, పర్మిషన్ లేదంటూ అక్కడే చతికిలబడుతుంది. ఆమె ఫోన్ చేస్తుంది. ఆయన విసుక్కుంటూనే తన చేత్తో ఎక్కిస్తాడు.

ఆమెది ఒంటిగదిలో, ఇంటినుంచే పని. రోజు మొత్తం మీద చెవినపడే మనిషి గొంతు ఆ విసుగొక్కటే.

"ఎన్నాళ్ళమ్మా ఈ గోల? ఆ హక్కేదో నీకే ఇచ్చేస్తున్నా. ఇక నాతో పనుండదు," అన్నాడాయన.

మర్నాడు మైగ్రేషన్ ఎక్కడా ఆగలేదు. తెర మీద పచ్చగా 'ఓకే' పడింది. ఆమె దాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది. గదిలో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోన్ తీసింది.

"సర్, మళ్ళీ పర్మిషన్ లేదంటోంది."

ఆమె నాలుక కరుచుకుంది. హక్కు ఇచ్చింది ఆయనే కదా, అబద్ధమని తెలియకపోదు.

అవతల కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. కీబోర్డు చప్పుడు మాత్రం కాలేదు.

"పొద్దుట్నుంచీ నాకు ఇదే మొదటి ఫోను," అన్నాడు పెద్దాయన. "లైన్లోనే ఉండు. ఇది ఇప్పట్లో తేలేలా లేదమ్మా."