అన్నీ చెత్తేనన్న మనిషి

బ్రాండ్‌వొల్డ్ బూటుకాలితో లారీ చక్రాన్ని తన్నాడు.

"చెత్త. రాసుకో," అన్నాడు తన గుమాస్తాతో.

సార్జెంట్ డాకిన్స్ మొహం కందగడ్డయింది. ఆ లారీని పొద్దున్నే తుడిచి, నూనె పెట్టి, అద్దంలా మెరిపించింది అతనే.

"చెత్తా? ఎక్కి చూడండి సార్! ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది."

"నువ్వూరుకోవయ్యా. చెత్తంటే చెత్తే."

పక్కనే ఉన్న పెంబర్ పళ్లు బిగబట్టాడు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. అమెరికా అరువుగా పంపిన సామగ్రిలో పేలిందీ మునిగిందీ పోగా, మిగిలినదానికి బ్రిటన్ ఎంత కట్టాలో తేలాలి. అమెరికా తరఫున వాటిని లెక్కగట్టేది బ్రాండ్‌వొల్డ్; బ్రిటన్ తరఫున ఆ బేరం పెంబర్‌ది. కట్టే ప్రతి డాలరూ రేపు కొనే గోధుమల్లోంచి తగ్గుతుంది. జనం ఇప్పటికే వారానికో గుడ్డుతో సరిపెట్టుకుంటున్నారు.

గోదాములో మాంసం డబ్బాలు చూశాడు బ్రాండ్‌వొల్డ్.

"కుక్క కూడా ముట్టదు."

"నిన్న మీరు రెండు లాగించారు సార్," అన్నాడు డాకిన్స్.

"అందుకే చెబుతున్నా."

ఆయన అటు వెళ్లగానే డాకిన్స్ గొణిగాడు. "ఏంటి సార్ ఈ మనిషి? మనం కంటికి రెప్పలా చూసుకున్నవాటిని..."

"అరువు తెచ్చుకున్న సొత్తు పాడుచేశామని రాస్తున్నాడు డాకిన్స్. రేపు ఆ నష్టం కూడా మన నెత్తినే వేస్తాడు."

పెంబర్ ఆయన పైవాళ్లకు ఫిర్యాదు చేశాడు. కొద్దిరోజులకే బ్రాండ్‌వొల్డ్‌ను వెనక్కి పిలిచారు.

మర్యాద కోసం పెంబర్ ఆయన్ని సాగనంపడానికి సౌతాంప్టన్ రేవుకు వెళ్లాడు. సన్నగా వాన.

"నీ పనేనటగా?" అన్నాడు బ్రాండ్‌వొల్డ్.

"అవును."

"సర్లే. ఒక్క మాట విను. కొత్తాయన వచ్చేసరికి మీ డాకిన్స్ చేతిలోంచి ఆ తుడుపుగుడ్డ లాగేయ్."

పోతూ పోతూ కూడా ఎత్తిపొడుపే!

బ్రాండ్‌వొల్డ్ చెయ్యి చాచాడు. పెంబర్ గొడుగు సర్దుకునే పనిలో ఉండిపోయాడు.

ఆ చెయ్యి కాసేపు వానలో అలాగే ఉండి, కోటు జేబులోకి వెళ్లిపోయింది.

కొత్తగా వచ్చిన విట్లాక్ మెత్తని మనిషి. గోదాములోకి అడుగుపెడుతూనే టోపీ తీశాడు.

"ఎంత బాగా చూసుకున్నారండీ! ఈ లారీ కొత్తదానిలాగే ఉంది."

"ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది సార్," అన్నాడు డాకిన్స్ మురిసిపోతూ.

"అద్భుతం."

ప్రతి వస్తువుకూ ఓ మెచ్చుకోలు. పెంబర్ గుండెల మీంచి బరువు దిగింది.

చివరిరోజు టీ తాగుతూ విట్లాక్ బ్రిటన్ కట్టాల్సిన మొత్తం ఎంతో చెప్పాడు.

పెంబర్ కప్పు కింద పెట్టేశాడు.

"అంత ఎలా అవుతుంది?"

"బాగున్నదానికి బాగున్న ధర. పనికిరానిదానికి మేం ధర కట్టం."

"పాడైతే నష్టపరిహారం..."

"యుద్ధంలో పాడైనదానికి పరిహారమా? ఆ మాట మావాళ్లెవరూ అనలేదే!"



"మరి... బ్రాండ్‌వొల్డ్ చెత్త అని రాసినవి?"

"అవన్నీ లెక్కలోంచి కొట్టేశాం," నవ్వుతూ టీ కలుపుకున్నాడు విట్లాక్. "మాతో కలిసి నెత్తురు కార్చినవాళ్ల దగ్గర సెంటు కూడా పుచ్చుకోకూడదని మాతో పోట్లాడి మరీ వచ్చాడు మహానుభావుడు; మీ ఫిర్యాదే రాకపోతే ఆయన్ని తప్పించడం మావల్ల అయ్యేది కాదు."